చెట్టు వయసు చెప్పకుండా కర్బనం లెక్కలా?

ఈ మధ్య మన గ్రామాల్లో ఒక కొత్త బేరం మొదలైంది. ఇంతకాలం జామాయిల్ కర్రను టన్నుల చొప్పున కొనేవాళ్లు వచ్చేవాళ్లు. ఇప్పుడు చెట్టు పీల్చుకున్న గాలికి కూడా డబ్బులిప్పిస్తామని కాగితాలు పట్టుకుని వస్తున్నారు. "మీ చెలకలో చెట్లు పెంచండి. కర్బనం పత్రాలు మేం అమ్మిపెడతాం. మీ వాటా మీ ఖాతాలో పడుతుంది" అంటున్నారు. సంతకానికి తెచ్చే కాగితాలేమో ఇంగ్లీషులో వుంటున్నాయి.

మరోవైపు ప్రభుత్వం కూడా ఇదే లెక్కలో మునిగి వున్నది. 2015లో ప్యారిస్ ఒప్పందం సందర్భంగా భారత ప్రభుత్వం ప్రపంచానికి ఒక మాట ఇచ్చింది. 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కర్బనాన్ని 2030 నాటికి అడవుల్లోనూ, చెట్లలోనూ అదనంగా నిల్వ చేస్తామన్నది. ఆ మాట కోసం ఎక్కడ జాగా కనిపిస్తే అక్కడ నాటేయాలన్న ఆత్రం పట్టుకున్నది. అధికారుల కంటికి ఖాళీ జాగాగా కనిపించేది చాలాచోట్ల గిరిజనుడి పోడు, పేదల మేకలూ పశువులూ మేసే బీడు.

చెట్లు పెంచొద్దని ఎవరూ అనరు. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి. ఆ ఎండలో మిరప కోసేదీ, పత్తి ఏరేదీ, గుంతలు తీసేదీ మన కూలీలే కనుక చెట్టు నీడ విలువ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మేం అడిగేది ఒక్కటే ప్రశ్న. ఆ చెట్టు వయసెంత? ఎంత వయసు దాకా దాన్ని వుండనిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చూపే కర్బనం లెక్క దొంగ కాటా మీద తూకం లాంటిది.

బొగ్గుల బట్టీ చెప్పే పాఠం

కర్బనం అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. కట్టెను గాలి తగలకుండా కాలిస్తే మిగిలే బొగ్గు చాలావరకు కర్బనమే. చెట్టు ఆకుల ద్వారా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, ఎండ సాయంతో దాన్ని కర్రగా, బెరడుగా, వేరుగా మార్చుకుంటుంది. పూర్తిగా ఆరిన కర్ర బరువులో సుమారు సగం కర్బనం వుంటుంది. ఒక కిలో కర్బనం గాలిలో కలిస్తే దాదాపు 3.67 కిలోల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అంటే ఒక టన్ను ఎండు కర్ర కాలినా, చివికినా సుమారు 1.8 టన్నుల వాయువు తిరిగి గాలికెక్కుతుంది. కాటా మీద పెట్టే పచ్చి కర్రలో నీళ్ల బరువు చాలా వుంటుంది కాబట్టి ఆ టన్నుకు ఈ లెక్క వర్తించదు.

ఇందులో గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. చెట్టు కర్బనాన్ని దాస్తుందే గాని మాయం చేయదు. అది నిలబడి వున్నంతకాలం దాచుకుంటుంది. నరికి కాల్చినా, కుళ్లినా, కాగితమై చెత్తకుప్పకు చేరినా దాచింది బయటపడుతుంది. ఇది గాదెలో ధాన్యం లాంటిది. ఎంత పోశారన్నది ఒక లెక్క. ఎంతకాలం నిలవ వున్నదన్నది ఇంకో లెక్క. నాటినవాళ్లు మొదటి లెక్కే చెబుతున్నారు.

తోట వయసులో మూడు దశలు

మొదటి దశ నాటిన తొలి ఏళ్లు. ఈ పని మన కూలీలందరికీ తెలిసిందే. ముందు పొదలు కొడతారు, కుప్పవేసి తగలబెడతారు. ట్రాక్టరుతో దున్నిస్తారు. గుంతలు తీయిస్తారు. నర్సరీ నుంచి తెచ్చిన జానెడు మొక్కను దింపుతారు. ఆ రోజు ఆ నేల కర్బనం కూడబెట్టడం లేదు, పోగొట్టుకుంటున్నది. కాలిన పొదల్లోనిది అప్పటికప్పుడే పోతుంది. తిరగేసిన మట్టిలోని ఆకుఎరువు గాలి తగిలి కరిగి మెల్లగా పోతుంది. 2002లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వివిధ దేశాల్లో దాదాపు రెండు వందల స్థలాల ఫలితాలను కలిపి చూశారు. సాగునేలలో చెట్లు వేసిన తర్వాత మొదటి అయిదేళ్లు పైమట్టిలోని కర్బనం సగటున తగ్గిందనీ, తర్వాత నెమ్మదిగా కోలుకున్నదనీ, సుమారు ముప్పై ఏళ్ల నాటికి గాని పాత స్థాయిని అందుకోలేదనీ తేలింది. మన దగ్గర జామాయిల్‌ను నాలుగైదేళ్లకే కొడుతున్నారు. సుబాబుల్, సరుగుడు అంతకన్నా ముందే పోతాయి. మట్టి కోలుకోవడం మొదలుపెట్టే వేళకు గొడ్డలి దిగుతున్నదన్నమాట. పిలకలు పెంచి రెండో కోత, మూడో కోత తీసినప్పుడు వేళ్లు బతికే వుంటాయి, మట్టికి కాస్త నయం. కాని కోతలయ్యాక మోళ్లు పెకలించి కొత్త మొక్క వేసేటప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండో దశ పరుగు దశ. కొమ్మలు కలుసుకుని నేలకు ఎండ తగలకుండా కమ్ముకునే దాకా తోట ఏటేటా వేగం పెంచుకుంటుంది. ఎకరానికి ఏడాదిలో అత్యధికంగా కర్ర కట్టేది ఈ దశలోనే. ప్రచార పత్రాల్లో కనిపించే పెద్ద అంకెలు ఇక్కడివే.

మూడో దశ నిదానించే దశ. పక్కపక్కన నాటిన చెట్లు వెలుగు కోసం, నీటి కోసం, నేలలోని సత్తువ కోసం పోటీపడతాయి. బలహీనమైనవి చస్తాయి. పెద్ద చెట్టుకు తన ఒళ్లు నిలబెట్టుకోవడానికే ఎక్కువ ఖర్చవుతుంది. ఎకరం మొత్తం మీద ఏటా చేరే కర్బనం తగ్గుతుంది. కాని నిల్వ మాత్రం ఇంకా పెరుగుతూనే వుంటుంది. ఆకుల కింద చెత్త పేరుకుంటుంది, మట్టి నల్లబడుతుంది, పడిన మాను కూడా ఏళ్ల తరబడి కర్బనాన్ని పట్టి వుంచుతుంది.

రాబడి వేరు, నిల్వ వేరు

ఇక్కడే ఒక ప్రమాదకరమైన వాదం పుట్టుకొచ్చింది. ముసలి చెట్లు పీల్చేది తక్కువ గనుక వాటిని కొట్టేసి, చురుగ్గా పెరిగే పిల్ల మొక్కలు నాటితే భూగోళానికి మేలు అంటారు. వినడానికి ఇది ముచ్చటగా వుంటుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడి రోజుకూలి అరవై ఏళ్ల ముసలాయన కూలి కన్నా ఎక్కువే కావచ్చు. అందుకని ముసలాయన జీవితమంతా కష్టపడి కట్టిన ఇంటిని కూలగొట్టి కుర్రవాడి చేతికి నాలుగు ఇటుకలిస్తే ఇల్లు పెద్దదవుతుందా?

సైన్సులో కూడా దీనిపై చర్చ జరిగింది. 1969లో అమెరికా పర్యావరణ శాస్త్రజ్ఞుడు యూజీన్ ఓడమ్ ముదిరిన అడవిలో రాకా పోకా సమానమవుతాయన్నాడు. చాలాకాలం అదే మాట నడిచింది. 2008లో ప్రపంచంలోని వందలాది అడవుల కొలతలను పరిశీలించినవారు వందల ఏళ్ల వయసున్న అడవులు సైతం ఇంకా కర్బనం కూడబెడుతూనే వున్నాయని చెప్పారు. ఆ అంకె ఎక్కువ చేసి చెప్పారని 2021లో మరికొందరు ఎదురు చెప్పారు. 2014లో 403 జాతుల చెట్లను కొలిచినవారు దాదాపు అన్ని జాతుల్లోనూ చెట్టు మొదలు లావెక్కేకొద్దీ అది ఏటా చేర్చుకునే బరువు పెరుగుతుందే గాని తగ్గడం లేదని తేల్చారు. ముదిరిన అడవిలో చెట్ల సంఖ్య తగ్గుతుంది గనుక మొత్తం వేగం తగ్గినట్టు కనిపిస్తుంది. ఏటా ఎంత పీలుస్తుందన్న దగ్గరే వీళ్ల వాదులాట. ముదిరిన అడవిలో దాగివున్న నిల్వ పిల్ల తోటలో వుండదన్న విషయంలో పేచీ లేదు. ఆ నిల్వను గాలికి వదిలితే, పిల్ల మొక్కలు దాన్ని తిరిగి సంపాదించడానికి తరాలు పడుతుంది.

మనిషి నాటిన తోట కూడా ముదరగలదు. కేరళలోని నిలంబూరులో 1840ల్లో మలబారు కలెక్టరు కానొలీ నాటించిన టేకు తోటలో కొంత భాగం నేటికీ నిలబడి వున్నది. బ్రిటిషువాళ్లు దాన్ని వేయించింది తమ అవసరాలకే, గిరిజనుల మీద ప్రేమతో కాదు. అయినా నూట ఎనభై ఏళ్లు దాటిన ఆ చెట్లు ఒక సంగతి రుజువు చేస్తున్నాయి. నాటిన తోట గాదె అవుతుందా, లేక నాలుగేళ్లకోసారి ఊడ్చేసే కల్లం అవుతుందా అన్నది దాన్ని ఎప్పుడు నరుకుతారన్న నిర్ణయం మీద కూడా ఆధారపడి వుంటుంది.

పలక మీద వేసి చూద్దాం

చదువు తక్కువైనా లెక్క మనకు వచ్చు. లెక్క సులువుగా వుండడానికి కొన్ని అంకెలు వూహించుకుందాం. ఇవి ఏ తోటలోనూ కొలిచినవి కావు, పద్ధతి తెలియడానికి మాత్రమే.

ఒక ఎకరం తోటలో అయిదేళ్లకు 20 టన్నుల కర్బనం చేరిందనుకుందాం. తర్వాత వేగం తగ్గి పదేళ్లకు 32 టన్నులు, పదిహేనేళ్లకు 40 టన్నులు అయిందనుకుందాం. అయిదేళ్లకోసారి కొట్టేస్తే ఆ ఎకరంలో నిల్వ సున్నా నుంచి 20కి పోతుంది, మళ్లీ సున్నాకు వస్తుంది. ఎన్నిసార్లు తిప్పినా సగటున నిలిచేది 10 టన్నులే. పదేళ్లకోసారి కొడితే సగటు 18 టన్నులు. పదిహేనేళ్లకోసారి కొడితే 24 టన్నులు.

ఇప్పుడు మిల్లు వైపు నుంచి చూడండి. ముప్పై ఏళ్లలో అయిదేళ్ల కోతలు ఆరు, మొత్తం 120 టన్నులు. పదేళ్ల కోతలు మూడు, 96 టన్నులు. పదిహేనేళ్ల కోతలు రెండే, 80 టన్నులు. అంటే నేల మీద నిల్వ పెరగాలంటే చెట్టు ముదరాలి. మిల్లుకు కర్ర ఎక్కువ రావాలంటే చెట్టు లేతగానే పోవాలి. ఒకే తోటను చూపించి ఈ రెండూ ఒకేసారి సాధిస్తామనేవాళ్లు ఎవరో ఒకరిని మోసం చేస్తున్నారు.

గాదె నిండిన రోజున కొలిచి ఫొటో తీసుకుని, ఖాళీ అయిన రోజున తలుపు మూయడమే ఈ మోసంలోని కిటుకు. స్వచ్ఛంద కర్బన మార్కెట్టులో పెద్ద ప్రమాణాల సంస్థ నియమాలు కూడా కోతకు పెంచే తోటలకు దీర్ఘకాల సగటుకు మించి పత్రాలు ఇవ్వరాదంటున్నాయి. అంతకు ముందే, 2003లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు తన పథకంలోని చెట్ల పెంపకానికి ఇచ్చే పత్రాలకు గడువు పెట్టింది. చెట్టు దాచిన కర్బనం శాశ్వతం కాదన్న సంగతి వాళ్లకూ తెలుసు గనుకనే ఆ గడువు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో రైతుల భూముల్లో వేసిన జామాయిల్ పథకం ఒకటి 2009లో ఆ పద్ధతి కిందే నమోదైంది. అంతర్జాతీయ పత్రాలకు గడువు వుందని తెలిసిన పెద్దలు మన గ్రామసభల్లో మాత్రం "చెట్టు నాటితే చాలు, గాలి శుభ్రం" అని ఉపన్యాసాలిస్తున్నారు.

నరికిన కర్ర ఏమవుతుందన్నది కూడా లెక్కలోకి రావాలి. తాతల నాటి టేకు దూలం ఇంకా ఇంటి కప్పును మోస్తున్నదంటే అందులోని కర్బనం భద్రంగా వున్నట్టే. కాగితం సంగతి వేరు. అంతర్జాతీయ లెక్కల పద్ధతిలో కోసిన కలపలోని కర్బనం సగానికి తగ్గడానికి 35 ఏళ్లు, ప్లైవుడ్ వంటి పలకలకు 25 ఏళ్లు, కాగితానికి 2 ఏళ్లు అని తీసుకుంటారు. నాలుగేళ్లు పెరిగిన చెట్టు రెండేళ్లలో సగం ఆవిరైతే దాన్ని నిల్వ అనడానికి చాలా ధైర్యం కావాలి.

అడవి లెక్కలో తోట

మన దేశ అటవీ సర్వే దృష్టిలో ఒక హెక్టారుకు తగ్గని జాగాలో పది శాతం కొమ్మల కప్పు వుంటే చాలు, అది అటవీ విస్తీర్ణం కిందికే వస్తుంది. చెట్లు ఏ జాతివి, భూమి ఎవరిది, తోటా అడవా అన్న తేడా లేదు. అంటే ఇప్ప, తునికి, నల్లమద్ది, సారపప్పు చెట్లున్న పాత అడవి ఒక హెక్టారు పోయి, ఒక హెక్టారు జామాయిల్ వచ్చినా పట్టికలో లోటు కనిపించదు. కాని అదే సర్వే 2019 నివేదిక ప్రకారం దేశంలోని అడవుల్లో వున్న సుమారు 712 కోట్ల టన్నుల కర్బనంలో సగానికి పైగా మట్టిలోనే వున్నది. పాత అడవిని పెకలించినప్పుడు కంటికి కనిపించే మానులు కొంతే. కనిపించని మట్టి నిల్వ కూడా దెబ్బతింటుంది.

2019లో లండన్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ప్రపంచ దేశాలు అడవుల పునరుద్ధరణ పేరిట చేసిన వాగ్దానాలను పరిశీలించారు. వాగ్దానం చేసిన విస్తీర్ణంలో 45 శాతం వ్యాపారపు తోటలే. అదే నేలను సహజంగా అడవిగా పెరగనిస్తే, నాటిన తోటల కన్నా సగటున 40 రెట్లు కర్బనం నిల్వ వుంటుందని వాళ్ల అంచనా. కారణం మనం పలక మీద వేసిన లెక్కే. తోటను మాటిమాటికీ నరుకుతారు. అడవిని ముదరనిస్తారు.

నాటిన సంఖ్యకే బహుమానం

మరి ప్రభుత్వం ఏం చేస్తున్నది? 2023 అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ నియమాలు తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పద్ధతి ప్రకారం క్షీణించిన అటవీ భూముల్లో హెక్టారుకు కనీసం 1,100 మొక్కలు నాటాలి. రెండేళ్లయ్యాక చెట్టుకు ఒక క్రెడిట్ ఇస్తారు. ఒకచోట అడవి కొట్టినందుకు బదులుగా మరోచోట అడవి పెంచవలసిన బాధ్యతను ఈ క్రెడిట్లతో తీర్చుకోవచ్చన్నారు. విమర్శలు వచ్చాక 2025లో ఆ రెండేళ్లను అయిదేళ్లు చేశారు, కొమ్మల కప్పు కూడా చూస్తామన్నారు. మార్పు మంచిదే. కాని అయిదేళ్లంటే పరుగు దశ మధ్యలో కొలవడమే. ఆరో ఏట ఆ చెట్టు ఏమైందో ఎవరు చెబుతారు?

ఈ వ్యాసం రాస్తున్న నేను చిన్నతనంలో నర్సరీల్లో పాలిథిన్ సంచులకు మట్టి నింపాను. పెద్దయ్యాక గుంతలు తీశాను, జామాయిల్ బెరడు ఒలిచాను. ఒకచోట మేం నాటిన తోట ముందు మొక్కల సంఖ్య రాసి పెద్ద బోర్డు పెట్టారు. నీళ్లు పోసే కూలి మిగుల్చుకోవాలని మేస్త్రీ మమ్మల్ని ఆ వేసవిలో పనికి పిలవలేదు. రెండో ఏడు పోయి చూస్తే మూడో వంతు గుంతల్లో ఎండు పుల్లలు వున్నాయి. బోర్డు మీద అంకె మాత్రం చెక్కు చెదరలేదు. మొక్క బతకడానికి కూలీ చేతులు కావాలి. అంకె బతకడానికి పెయింటు డబ్బా చాలు.

ఎవరి నేల, ఎవరి కూలి?

కర్బనం లెక్క వెనక భూమి లెక్క వున్నది. తెలంగాణలో 2015 నుంచి నడిచిన హరితహారంలో పోడు భూముల్లో మొక్కలు నాటడానికి అధికారులు వెళ్లడం, విత్తనాలు వేసుకున్న గిరిజనులు అడ్డుపడడం ఏటా వానాకాలంలో చూశాం. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినా దరఖాస్తులు ఏళ్ల తరబడి మూలపడ్డాయి. ఎన్నో పోరాటాల తర్వాత 2023 జూన్‌లో సుమారు 1.51 లక్షల మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు ఇచ్చారు. పట్టా రానివాళ్లు ఇంకా మిగిలారు. పోడు సాగుదారుని అడవి దొంగ అంటూ, నాలుగేళ్లకోసారి నేలను బోడి చేసే తోటను పర్యావరణ రక్షణ అనడం ఏ న్యాయం? బీడు వదిలిన పోడులో మోళ్లు చిగురించి, అడవి తనంతట తాను లేచివస్తుంది. దాన్ని ముదరనిస్తే అది ఖర్చు లేని కర్బనం గాదె.

కూలి లెక్క సంగతీ అంతే. ఎకరం మిరపలోనో, పత్తిలోనో కలుపు నుంచి కోత దాకా ఆడవాళ్లకు ఎన్నో దినాల పని దొరుకుతుంది. అదే చెలకలో జామాయిల్ వేస్తే నాటిన ఏడాది కొంత పని, కొట్టే ఏడాది కొంత పని, నడుమ ఏళ్లు వలస. కౌలుదారుకైతే నేలే దొరకదు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1983లో కర్ణాటకలోని తుముకూరు జిల్లా రైతులు ఇదే ఆగ్రహంతో నర్సరీ మీదికి వెళ్లి నీలగిరి మొక్కలు పీకి, చింత, మామిడి విత్తనాలు వేశారు. ఏటా కాపు ఇచ్చే చెట్టూ, తరాలపాటు నిలిచే చెట్టూ కావాలని వాళ్లు ఆనాడే చెప్పారు.

ఒప్పందాల్లోని ప్రమాదం కూడా చూడాలి. ఇరవై ముప్పై ఏళ్లు చెట్టు నిలబెడతానని చిన్న రైతు సంతకం చేస్తే, ఆ ఏళ్లన్నీ గాలివానా, నిప్పూ ఎవరి ఖాతాలో పడతాయి? 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానంలో కొబ్బరినీ జీడిమామిడినీ నేలమట్టం చేసింది. తరం పట్టి పెంచిన తోట ఒక రాత్రిలో పోయింది. చెట్టు ముదిరేకొద్దీ నిల్వ పెరుగుతుంది, పోతే పోయేదీ పెరుగుతుంది. ఆ నష్టభయం రైతు మీద, లాభం పత్రాలమ్మినవాళ్లకు అయితే దాన్ని ఒప్పందం అనరు.

మేం కోరేది

జామాయిల్, సుబాబుల్ వేసిన రైతును మేం తప్పుపట్టడం లేదు. నీళ్లు లేక, పెట్టుబడి లేక, గిట్టుబాటు ధర లేక ఆ చెట్టును ఆశ్రయించాడు. నాలుగేళ్లకు వచ్చే ఆ కర్ర డబ్బుతోనే పిల్ల పెళ్లీ, పాత అప్పూ గడుస్తున్నాయి. బోడి నేల మీద జామాయిల్ కూడా కొంత నిల్వ చేస్తుంది, దాన్ని కాదనం. ఆ రైతును ఇంకో ఆరేళ్లు ఆగమని ఉపదేశించేవారు ఆ ఆరేళ్లు ఇల్లు ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి. చెట్టు వయసు పెరగాలంటే రైతుకు ఆగే శక్తి వుండాలి. ఆ శక్తి ఇవ్వవలసింది ప్రభుత్వమూ, శతాబ్దం పైగా పొగ గొట్టాలతో గాలిని నింపిన పెట్టుబడిదారులూనూ. కనుక మేం ఈ కింది డిమాండ్లు ముందు పెడుతున్నాం.

ఒకటి: ప్రతి తోట దగ్గరా నాటిన సంవత్సరం, జాతి, నేటికి బతికున్న చెట్ల సంఖ్య, కోత సంవత్సరం రాయాలి. గ్రామసభ ఏటా వెళ్లి సరిచూడాలి.

రెండు: కర్బనం లెక్కను మట్టితో సహా, కోతలన్నీ కలుపుకుని సగటు మీద కట్టాలి. నాటిన సంఖ్యకు బహుమానాలు ఆపాలి.

మూడు: సహజ అడవిని గాని, చిగురిస్తున్న పోడు బీడును గాని పెకలించి తోట వేయరాదు. హక్కుల దరఖాస్తులు తేలకుండా ఒక్క ఎకరం కూడా తీసుకోరాదు. సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కు చట్టంలోనే వున్నది. దాన్ని గ్రామసభలకు అప్పగించాలి.

నాలుగు: చెట్టును ఎక్కువ కాలం నిలబెట్టే చిన్న రైతుకూ, కౌలుదారుకూ ఏటా పరిహారం ఇవ్వాలి. ఒప్పందం తెలుగులో వుండాలి. తుపాను, నిప్పు నష్టం రైతు నెత్తిన వేయరాదు.

అయిదు: నాటే కూలితో సరిపెట్టకుండా నీళ్లు పోయడం, నిప్పు కాయడం, పశువుల నుంచి కాపాడడం వంటి పనులు ఏడాది పొడవునా స్థానిక కూలీలకే ఇవ్వాలి. ఆదాయంలో వాళ్లకు వాటా వుండాలి.

రైతుల్లారా, కూలీల్లారా! కర్బనం కాగితాలతో మీ వూరికి ఎవరైనా వస్తే భయపడొద్దు, తొందరపడి వేలిముద్ర వేయొద్దు. రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడగండి. అయ్యా, ఈ చెట్టు ఎన్నేళ్లు నిలబడుతుంది? నరికిన మర్నాడు మీ లెక్క ఎంత? అది పడిపోతే బాధ్యత ఎవరిది? ఈ మూడింటికీ తెలుగులో రాసి సంతకం పెట్టమనండి. పెడితే మాట్లాడదాం. పెట్టకపోతే ఆ కాగితాలు వచ్చిన దారినే పోనివ్వండి.